బంకరు కింద పోయిన నీళ్ళు

ఈ మధ్య దూరదేశంలో కొండల కింద దాచిన కట్టడాల మీద పెద్ద విమానాలు బాంబులు వేసినప్పుడు, టీవీల వాళ్ళు రోజుల తరబడి ఒకటే బొమ్మ చూపించారు. బాంబు కొండలోకి దూరుతుంది, కాసేపటికి లోపల ఎర్రటి మంట లేస్తుంది, వార్తలు చదివే అమ్మాయి ముఖంలో పెళ్ళికళ. ప్రొద్దుటూరులో మా వీధి కుర్రవాళ్ళకు నేను అలాంటి ఉద్యోగమేదో చేసి రిటైరయ్యానని చూచాయగా తెలుసు. ఒకరోజు టీ అంగడి దగ్గర నన్ను పట్టుకున్నారు.

"పెద్దాయనా, ఆ బంకరు బాంబులు మన కర్నూలు దిక్కు గూడా చేసినారంట కదా? మీరు ఆడనే ఉంటిరంట?"

వాళ్ళ కళ్ళల్లో మెరుపు చూసి నాకు కడుపు మండింది. వాళ్ళ మీద కోపం కాదు. కానీ టీ అంగడిలో నిలబడి చెప్పే సంగతి కాదది. "ఉంటి, ఉంటి" అని గ్లాసు ఖాళీ చేసి వచ్చేశాను. చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. చదివాక కూడా కళ్ళు మెరిస్తే మీ ఇష్టం.

మొదట ఒక మాట. నేను బాంబు చేయలేదు, ఆ బాంబు బద్దలు కొట్టాల్సిన బంకరు కట్టాను. బంకరును పగలగొట్టే బాంబు తయారు కావాలంటే ముందు పరీక్షకు ఒక మంచి బంకరు కావాలి. శత్రువు తన బంకరును మనకు ఎరువివ్వడు కదా, మనమే కట్టుకోవాలి. ఆ కట్టుబడి పని చూసే సివిల్ ఇంజనీరును నేను. మాది బట్టల కొట్టు నడిపిన కుటుంబం. మా నాయనకు నా ఉద్యోగం చివరిదాకా మింగుడు పడలేదు. "పగలగొట్టేదానికి కట్టేదేందిరా? ఇదేం యాపారంరా?" అనేవాడు. దేశరక్షణ అని గొప్పగా చెప్పేవాణ్ణి. ఆయన కొట్లో బట్టలు మడతపెట్టుకుంటూ వినేవాడు, అంతే.

మామూలు బాంబు నేల తాకగానే పేలుతుంది. పైన ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది గానీ, మందపాటి కాంక్రీటు కింద కూర్చున్నవాడికి చెవులు గింగురుమనడం తప్ప పెద్దగా ఏమీ కాదు. అందుకే సైన్యాలన్నీ తమకు ముఖ్యమైనవన్నీ భూమి కిందికి దించేశాయి. వాటిని వెతుక్కుంటూ బాంబు కూడా దిగాలి. అందుకని దానికి మందపాటి ఉక్కు తొడుగు, గట్టి ముక్కు, ఒళ్ళంతా బరువు. తగిలిన వెంటనే అది పేలకూడదు. కప్పును దూరి, లోపలి గదిలోకి వచ్చాక పేలాలి. ఎప్పుడు పేలాలో చెప్పేది ఫ్యూజు. కాంక్రీటు అయిపోయింది, ఖాళీ జాగా వచ్చింది అని అది కనిపెట్టాలి. కనిపెట్టలేదా, బాంబు ఆ గది నేలను కూడా దూరుకుని భూమిలోకి పోయి అక్కడ పేలుతుంది. మా తలకాయ నొప్పంతా ఆ ఫ్యూజుతోనే.

మా పరీక్షా స్థలం కర్నూలు జిల్లాలో, నల్లరేగడి అయిపోయి బండనేల మొదలయ్యే చోట ఉండేది. చుట్టూ కంచె. కంచె ఆవల ఒక చిన్న ఊరు. ఊళ్ళో ఎక్కువమంది క్రైస్తవులు. తాతల కాలం నాటి చర్చి, ఇంటింటికీ కాస్తంత చేను. ఆ చేలల్లో కొన్ని కంచె లోపలికి వచ్చేశాయి, వాటితో పాటే ఊరి బావి కూడా. బావికి బదులుగా పంచాయతీ వాళ్ళు బోర్లు వేయించారు. ఒకదాని తర్వాత ఒకటి దుమ్ము కక్కాయి. చివరికి చర్చి వెనక వేసినదాంట్లో నీళ్ళు పడ్డాయి. సీమలో బోరులో నీళ్ళు పడటమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరంతటికీ ఆ ఒక్క బోరే దిక్కు.

మా మేస్త్రీది ఆ ఊరే. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన వాడకుండా వదిలేసిన మాటలన్నీ ఆయన భార్య వాడేది. కాంక్రీటు కలిపే కూలీలకు ఆమె పెద్ద. మేము బంకరుకు పునాది తవ్వింది వాళ్ళ పాత చేన్లోనే. "మా శెనక్కాయ చేన్లో మేమే మిద్దె కడ్తాండాము సార్. ఉండేదానికి మాత్రం గాదు" అని నవ్వేది. నేను కమ్మీలు లెక్క చూసుకుంటున్నట్టు పక్కకు తిరిగేవాణ్ణి.

స్లాబు వేసే రోజు వచ్చింది. మన దిక్కు స్లాబు వేసిన పొద్దు ఇంటాయన పనివాళ్ళందరికీ అన్నం పెట్టాలి. అది ఎంత పేదవాడి మిద్దె అయినా తప్పదు. పొద్దున కాంక్రీటు మొదలుపెట్టే ముందు మేస్త్రీ వాళ్ళు తలలు వంచి ప్రార్థన చేసుకున్నారు, మా డ్రైవరు టెంకాయ కొట్టాడు. అంతా అయ్యాక మేస్త్రీ భార్య నడుము మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "అదంతా సరే సార్, ఈ ఇంటికి ఇంటాయన ఎవురు? ఈ పొద్దు మాకు కూడెవురు పెడతారు?"

అప్పుడే మా ప్రాజెక్టు అధిపతి జీపు దిగాడు. మేమంతా ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళం. కోస్తా మనిషి, బాగా చదువుకున్నవాడు, దర్పం లేనివాడు. ఆ ప్రశ్న విని పకపకా నవ్వి, "ఇంటాయన్ని నేనేనమ్మా, నేనే పెడతాను" అన్నాడు. పెట్టాడు కూడా. ఊళ్ళోనే వండించి కోడికూర, సంగటి తెప్పించాడు. పనివాళ్ళతో పాటు ఇసుక మీద కూర్చుని సంగటి ముద్ద మింగలేక అవస్థ పడుతూ తిన్నాడు. కూర కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే మేస్త్రీ భార్య బిందెలోంచి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. గటగటా తాగి, "కొబ్బరినీళ్ళలా ఉన్నాయే! ఇంకో చెంబు ఇవ్వమ్మా" అన్నాడు.

"మా బోరు నీళ్ళు సార్" అన్నాడు మేస్త్రీ. అంతసేపూ నోరు విప్పని మనిషి అప్పుడు విప్పాడు. "సార్, ఈడ మీ బాంబు పడితే మా బోరుకు ఏమన్నా అవుతాదా?"

పెద్దసారు చెయ్యి కడుక్కుని మేస్త్రీ భుజం మీద వేశాడు. "ఏం కాదయ్యా. అంతా లెక్క చూశాం. నీ బోరుకు నాది పూచీ."

ఆ మాట నేను విన్నాను. అక్కడున్న అందరూ విన్నారు. మేస్త్రీ ముఖం తేటపడింది. ఇంటాయన అన్నం పెట్టి చెప్పిన మాట కదా.

లెక్క చూశారన్నది అబద్ధం కాదు. కానీ ఏ లెక్క? బాంబు గదిలోనే పేలుతుంది అనుకుని వేసిన లెక్క. గదిలో పేలితే అదురు ఊరిదాకా పోదు, అది నిజమే. మరి గదిలో పేలకపోతే? పునాది తవ్వించినవాణ్ణి, కింద ఏముందో నాకు తెలుసు. కడప బండల్లాగా పొరలు పొరలుగా రాయి, మధ్యమధ్య ఊట చెమ్మ. ఆ రాయి అడుగున పేలుడు జరిగితే అదురు ఎటు పోతుందో, ఎంత పోతుందో ఎవరూ చూడలేదు. పరీక్షకు ముందు జరిగిన ఆఖరి మీటింగులో ఆ మాటే అడిగాను. "సార్, ఒకవేళ ఫ్యూజు గదిని కనిపెట్టకుండా బాంబు కిందికి పోతే..."

నా మాట పూర్తి కాలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు, పెళ్ళిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు. పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. పెద్దసారు చిరాకు పడ్డాడు. "శుభమా అని ట్రయల్ పెట్టుకుంటే ఏం మాటలయ్యా అవి? పేలకపోవడమేంటి?" ఆ మర్నాడే ఒక బృందం శ్రీశైలం పోయి మల్లన్నకు పూజ చేయించుకుని వచ్చింది. ప్రసాదం నాకూ పెట్టారు, మీటింగులో అపశకునం పలికినందుకు కాస్త ఎక్కువే పెట్టారు.

మా సంస్థలో అది రివాజు. పరీక్షకు ముందు విఫలమనే మాట నోట రాకూడదు. ఇంత విమానశాస్త్రం, ఇంత గణితం తెలిసిన మనుషులు, చెడు జరిగితే ఏం చేయాలో కాగితం మీద పెడితే అది జరిగిపోతుందేమోనని భయపడేవాళ్ళు. బయట ఉన్నవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నాకూ అప్పట్లో నవ్వే వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది, ఎందుకంటే వాళ్ళు వేయని ఆ ఒక్క లెక్కలోనే ఊరు ఉంది.

పరీక్ష రోజున సైరను మోగించి ఊరివాళ్ళను ఇళ్ళల్లోనే ఉండమన్నాం. మేము దూరంగా ఇసుక బస్తాల వెనక గదిలో నిలబడ్డాం. విమానం చుక్కలాగా వచ్చి పోయింది. బాంబు సరిగ్గా నా స్లాబు నడిమధ్యన పడింది. దుమ్ము లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక గది తలుపుల్లోంచి మంట రావాలి, గోడలు విచ్చుకోవాలి. రాలేదు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతలో కాళ్ళ కింద నేల ఒక్కసారి గుబ్బుమని ఎగిసింది. బల్ల మీది టీ గ్లాసులు దొర్లాయి. బంకరు మాత్రం అలాగే నిలబడి ఉంది, నెత్తిన ఒక బొక్కతో. ఫ్యూజు గదిని కనిపెట్టలేదు. బాంబు నేలను దూరుకుని కిందికి పోయి, బండలో పేలింది.

పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు. ఎవరూ ఆయన ముఖంలోకి చూడలేదు. నేను బంకరు వైపు నడిచాను. స్లాబు బొక్క అంచులు చక్కగా, శుభ్రంగా ఉన్నాయి. మేస్త్రీ పని అంత గట్టిగా ఉంది, చుట్టుపక్కల చిన్న పగులు లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మా పనితనం చూసి గర్వంగా అనిపించింది.

గేటు దగ్గర గొడవ వినిపించింది. మేస్త్రీ భార్య బిందె చంకన పెట్టుకుని కాపలావాళ్ళతో కొట్లాడుతోంది. సైరను మోగినా ఆమె ఇంట్లో ఉండలేదు. మోటారుకు కరెంటు ఇచ్చేది ఆ వేళకే, అప్పుడు పట్టుకోకపోతే ఆ పొద్దుకు నీళ్ళు లేవు. నన్ను చూడగానే బిందె వంచింది. ఎర్రటి బురద నా చెప్పుల మీద పడింది.

"ఇద్దో సార్, మీ ఇంటాయన పూచీ! భూమి అదిరినంక ఈ బురద వచ్చినాది. అంతలోనే మోటరు కొర్రుకొర్రుమని ఆగిపోయినాది. నీళ్ళు ల్యావు, ఏమీ ల్యావు. పిలుచుకోని రా ఆయప్పను!"

నేను పోయి చెప్పాను. పెద్దసారు రాలేదు. ఆ సమయంలో ఆయనకు బోరు సంగతి వినే ఓపిక లేదులే, రేపు వస్తాడులే అనుకున్నాను. మర్నాడు మేమే మనుషుల్ని పెట్టి బోరును పరీక్ష చేయించాం. లోపల బండ కదిలి పైపును నొక్కేసింది. మోటారు అడుగున ఇరుక్కుపోయింది. నీళ్ళు వచ్చే దారి ఎటు మళ్ళిందో భూమికే తెలియాలి.

ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. దాని మీద మా దగ్గర మీటింగు జరిగింది. పేలుడు వల్లనే బోరు పోయింది, కొత్త బోరు వేయించడం మన బాధ్యత అన్నాను. పెద్దసారు మెల్లగా మాట్లాడాడు.

"బోరు మన వల్ల పోయిందని రాస్తే, బాంబు లోతులో పేలిందని రాసినట్టే. లోతులో పేలిందంటే ఫ్యూజు పోయిందని రాసినట్టే. అప్పుడు ప్రాజెక్టు మూసేస్తారు. ఇన్నేళ్ళ పని. ఒక్క బోరు కోసం మూయించమంటావా?"

"మీరు పూచీ ఉన్నారు సార్" అన్నాను.

"ఎండాకాలంలో మీ సీమలో ఎండిపోని బోరు ఎక్కడుందయ్యా?" అన్నాడు.

అదే జవాబుగా పోయింది. పరీక్షా స్థలంలో జరిగేది బయటికి చెప్పే సంగతి కాదు కాబట్టి ఆ రోజు అక్కడ పేలుడే లేదు. లేని పేలుడుకు బోరు పోదు. కరువు వల్ల నీరు తగ్గింది, అంతే. నేను రెండోసారి, మూడోసారి అడిగాను. నాలుగోసారి అడిగే అవసరం లేకుండా నన్ను ఉద్యోగుల క్వార్టర్ల మరమ్మతులకు మార్చారు. అక్కడ నా ముఖ్యమైన పని కారే కొళాయిలు బాగు చేయించడం. పొద్దున లేచి వరుస ఇళ్ళు తిరుగుతూ, వృథాగా పోయే నీళ్ళు చూసుకుంటూ ఉద్యోగంలో మిగిలిన కాలం గడిపాను. ఎవరో కావాలని చేసిన పని కాకపోవచ్చు. కానీ అంతకంటే బాగా శిక్ష వేయడం ఎవరికీ చేతకాదు.

ఊరికి ట్యాంకరు పెట్టారు. అది వచ్చిన రోజు వచ్చేది. మేస్త్రీ మా దగ్గర పని మానేసి బేతంచెర్ల దిక్కు బండల పనికి పోయాడు. నేను కనిపిస్తే నమస్కారం పెట్టేవాడు, బోరు మాట ఎత్తేవాడు కాదు. ఎత్తితే బాగుండునని నాకు అనిపించేది. రాజకీయ నాయకులు ఓట్లప్పుడు వచ్చి బోరు వేయిస్తామన్నారు, మళ్ళీ బండ తగిలి దుమ్ము లేచింది. ప్రాజెక్టు మాత్రం మూతపడలేదు. వేరే ఫ్యూజులు వచ్చాయి, వేరే బంకర్లు కట్టారు, అవి అనుకున్నట్టే లోపలినుంచి బద్దలయ్యాయి. సైన్యం వాళ్ళు వచ్చి చూసి తలూపారు. పెద్దసారు పై ఉద్యోగానికి పోయాడు, ఆ పైదానికీ పోయాడు.

నేను రిటైరయిన రోజు ఆఫీసులో వీడ్కోలు సభ పెట్టారు. ఎవరినైనా పిలుచుకోవచ్చు అన్నారు. మేస్త్రీని, ఆయన భార్యను పిలిచాను. వస్తారనుకోలేదు. వచ్చారు. ఇస్త్రీ బట్టలు వేసుకుని వెనక వరస కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దసారు కూడా పాత పరిచయం కొద్దీ హైదరాబాదు నుంచి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను కావలించుకున్నాడు. నిజంగానే ప్రేమగా కావలించుకున్నాడు, అది కూడా చెప్పాలి.

ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు. నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మొదటి పరీక్ష దగ్గరికి వచ్చాడు. ఆ రోజు అందరూ ఓడిపోయామనుకున్నారట. నిజానికి అదే మా మొదటి గెలుపట. బండలో లోతుగా పేలిన ఆ బాంబు కంచె ఆవల, అంత దూరంలో ఉన్న ఒక బోరును భూమిలోనే నలిపేసిందట. గదిలోకి దూరకపోయినా సరే, పక్కన బండలో పేలితే చాలు, దూరాన ఉన్న సొరంగాలను కూల్చవచ్చని మాకు మొదట చెప్పింది ఆ బోరేనట. ఆ దూరాన్ని కొలిచి, దాని మీదే తర్వాతి బాంబును దిద్దారట. "ఆ బంకరును కట్టిన మనిషి ఈయనే" అని నావైపు చెయ్యి చూపాడు. సభంతా చప్పట్లు.

మేస్త్రీ, ఆయన భార్య కూడా చప్పట్లు కొట్టారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. నన్ను పొగుడుతున్నారనుకుని ఎంతో సంతోషంగా కొట్టారు.

ఊరివాళ్ళు అడిగినప్పుడు పేలుడు లేదు, బోరు కరువుకు పోయింది. గొప్ప చెప్పుకునేటప్పుడు పేలుడు ఉంది, బోరు మా దెబ్బకే పోయింది. కొలిచారట కూడా! ఎప్పుడు కొలిచారు? ఆ ఆడవాళ్ళు ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, పక్కనుంచి పోయి కొలుచుకుని వచ్చారా?

రిటైరయ్యే మనిషి చివర్లో కృతజ్ఞతలు చెప్పాలి. నా జేబులో అందుకు రాసుకున్న మాటలు ఉన్నాయి. అవి తీయలేదు. "నా స్నేహితులకు ఇంగ్లీషు రాదు. పెద్దసారు చెప్పింది తెలుగులో చెబుతాను" అన్నాను. చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదలలేదు. ఇంగ్లీషులో విన్నప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఒళ్ళో పడి ఉన్నాయి. మేస్త్రీ తల వంచుకుని తన చెప్పులను చూసుకుంటున్నాడు.

ఆయన భార్య లేచింది. కుర్చీల మధ్యగా నడిచి వచ్చి పెద్దసారు ముందు నిలబడింది. ఆయన మర్యాదగా లేచి నమస్కారం పెట్టాడు.

"అది యా బోరో ఎరికేనా సార్ మీకు?"

"తెలుసమ్మా. చర్చి వెనక బోరు" అని, బంకరు నుంచి అది ఎంత దూరమో మీటర్లలో ఠక్కున చెప్పాడు. అన్నేళ్ళ తర్వాత కూడా తడుముకోలేదు.

"నేను అడిగింది దూరం గాదు సార్. స్లాబు పొద్దు మీరు మాతో కూచ్చోని సంగటి తింటిరే. ఆ నీళ్ళు తాగి కొబ్బరినీళ్ళ మాదిరి ఉండాయంటిరే. ఇంగో చెంబు ఇయ్యమంటిరే. ఆ బోరు సార్."

పెద్దసారు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. గుర్తు చేసుకోవడానికి కష్టపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"నేను అక్కడ భోంచేశానా ఆ రోజు?" అని నన్ను అడిగాడు.

నటన అయితే నేను కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. నటన కాదది. కుర్రవాళ్ళారా, అంత పెద్ద బాంబును చూసి నాకు ఎప్పుడూ భయం వేయలేదు. ఆ ప్రశ్న విన్నప్పుడు వేసింది.

పక్క గదిలో విస్తళ్ళు వేస్తున్నారు. మేస్త్రీ వచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. "పా మే, పోదాం."

"భోంచేసి పోండప్పా" అన్నాను.

"లేదు సార్" అన్నాడు మేస్త్రీ. "ట్యాంకరు వచ్చే యాళయింది. మనిషి లేకుంటే మా బిందెలు ఎనక్కి నూకుతారు."